మైక్‌సెట్ దాకా చేరేలోపు

వేదిక మీద మన వాద్యం ఎలా వినిపించాలన్నది మైక్‌సెట్ అతని పని అని చాలామంది కళాకారులు అనుకుంటారు. అది సగమే నిజం. స్పీకర్లు, వాటి ఎత్తు, హాలులో వాటి చోటు అతని చేతిలోవి. తీగ కంపనం కరెంటుగా మారే చోటు, ఆ కరెంటు మొదటి పెట్టెలోకి దిగే చోటు మాత్రం మీ చేతిలోవి. ఆ రెండు చోట్ల పోగొట్టుకున్నదాన్ని ఆ తర్వాత ఎంత ఖరీదైన స్పీకరూ వెనక్కి తేలేదు. అందుకే ఈ అధ్యాయమంతా ఆ రెండు చోట్ల చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణగా వీణను తీసుకుంటున్నాను. మైకు లేకుండా పెద్ద సభలో నెగ్గలేని వాద్యాల్లో అదొకటి. మైకు పెట్టాక ఎక్కువ మాటలు పడ్డదీ అదే.

ఆ మాటలు మీరూ వినే ఉంటారు. "ఇంట్లో వాయిస్తే వీణ, సభలో వాయిస్తే గిటారు." అన్నవాళ్లను తప్పు పట్టలేం. గమకం చివర సన్నగా సాగే నాదం కోసం వచ్చి కూర్చున్న రసికుడికి మీటు శబ్దం మాత్రమే ఠంగుమని వినిపిస్తే ఇంకేమంటాడు? అయితే దీనికి తిట్టాల్సింది కాంటాక్ట్ మైకును కాదు. దాన్ని తీసుకెళ్లి దేనికి తగిలించారో చూడాలి.

కాంటాక్ట్ మైకు లోపల ఉండేది సాధారణంగా పీజో. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుత్తు పుడుతుందని పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి 1880లో కనిపెట్టారు. చెక్క కంపిస్తుంది, ఆ కంపనం స్ఫటికాన్ని పిసుకుతుంది, వోల్టేజీ పుడుతుంది. అంతవరకు బాగుంది. కానీ ఆ వోల్టేజీ వెనక బలం లేదు. పీజో పికప్ అంటే విద్యుత్ పరంగా ఒక చిన్న కెపాసిటర్. దాని నుంచి ఎక్కువ కరెంటు లాగే ఇన్‌పుట్‌కు తగిలిస్తే ముందు పోయేది మంద్రం. ఏటి ఇసుకలో తవ్విన చెలమ సంగతే ఇది. చిప్పతో తోడుకుంటే తేట నీళ్లు వస్తాయి, మోటారు పెడితే ఇసుక వస్తుంది.

లెక్క వేసి చూడండి. మీ పికప్ కెపాసిటెన్సు ఒక నానోఫారడ్ అనుకుందాం. దాన్ని మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా ఇచ్చారు, ఆ ఇన్‌పుట్ ఇంపెడెన్సు 10 కిలోఓమ్‌లు (ఈ అంకె ఎంత చిన్నదైతే ఇన్‌పుట్ అంత ఎక్కువ కరెంటు లాగుతుంది). అప్పుడు సుమారు 16,000 హెర్ట్జ్ నుంచి కిందికి వచ్చేకొద్దీ శబ్దం తరిగిపోతూ ఉంటుంది. వీణ స్వరాలన్నీ దానికి ఎంతో కిందే ఉన్నాయి కదా! మిగిలేది గోరు తీగను తాకిన చప్పుడు. అదే పికప్‌ను 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్‌కు ఇస్తే ఆ హద్దు 160 హెర్ట్జ్‌కు దిగుతుంది. 10 మెగాఓమ్‌లైతే 16 హెర్ట్జ్‌కు, అంటే చెవికి అందే హద్దు దాకా. పికప్ మారలేదు, వీణ మారలేదు, వాయించే చేయీ మారలేదు. మధ్యలో అరచేతిలో పట్టే పెట్టె ఒకటి వచ్చింది, అంతే.

ఇత్తడి బిళ్ల మీద పీజో అతికించిన చవక రకాలు, బజర్లలో వాడేవి, వంద రూపాయల లోపే దొరుకుతాయి. 27 మిల్లీమీటర్ల బిళ్ల కెపాసిటెన్సు ఇరవై నానోఫారడ్ల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి దానికి 1 మెగాఓమ్ ప్రీయాంప్ పుష్కలం. అందుకే డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే: మొదట మంచి ప్రీయాంప్ కొనండి, పికప్ తర్వాత. ఖరీదైన పికప్‌ను నేరుగా మిక్సర్‌లో గుచ్చడం కన్నా, చవక బిళ్లను మంచి ప్రీయాంప్‌లో గుచ్చడమే ఎప్పుడైనా మేలు. ఇంట్లో సాధనకు స్పీకరు కొనాలనుకుంటే అది చిట్టచివర. అప్పుడు కూడా ఎలక్ట్రిక్ గిటారు యాంప్ వద్దు. దాని స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. ఎలక్ట్రిక్ గిటారుకు అదే అందం, వీణకు అదే శాపం. అకౌస్టిక్ వాద్యాల కోసం చేసిన యాంపుల్లో ట్వీటర్ ఉంటుంది.

డీఐ పెట్టె అన్న మాట కూడా వింటుంటారు. ప్రీయాంప్ నుంచి వచ్చిన సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్ తీగలోకి మార్చి, దూరంలో ఉన్న మిక్సర్ దాకా హమ్ పట్టకుండా పంపేది అది. చాలా ప్రీయాంపుల్లో వెనకవైపు ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్ రూపంలో అదే ఉంటుంది. పికప్ నుంచి ప్రీయాంప్ దాకా తీగ పొట్టిగా, మూడు మీటర్లకు మించకుండా చూసుకోండి. ఆ తర్వాత ముప్ఫై మీటర్లు లాగినా ఫరవాలేదు. అయితే లోపల ఏ సర్క్యూటూ లేని పాసివ్ డీఐతో జాగ్రత్త. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్సు సాధారణంగా 140 కిలోఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. పీజోకు అది చాలదు, ముందు ప్రీయాంప్ ఉండి తీరాలి.

ఇక పికప్ ఎక్కడ అతికించాలి? దీనికి ఓపిక కావాలి. దీని మీద పెట్టిన సాయంత్రం వృథా పోదు.

వీణను మామూలుగా వాయించే భంగిమలోనే పెట్టుకోండి. పికప్‌ను ప్రీయాంప్‌కు, ప్రీయాంప్‌ను హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న యాంప్‌కో, రికార్డింగ్ పెట్టెకో తగిలించండి. స్పీకరు వద్దు. స్పీకరు ఉంటే వీణ అసలు శబ్దం, స్పీకరు శబ్దం కలిసిపోయి చెవిని మోసం చేస్తాయి. పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్దను శనగగింజంత తీసుకుని, పికప్‌ను కుండ పైపలక మీద, గుర్రానికి రెండు వేళ్ల దూరంలో నొక్కండి. సారణి మీద ఒక స్వరం మీటి, నాదం పూర్తిగా ఆగిపోయేదాకా వినండి. తర్వాత అనుమంద్రం మీటండి. అప్పుడు పికప్‌ను ఒక అంగుళం జరిపి మళ్లీ వినండి.

గుర్రానికి దగ్గరయ్యేకొద్దీ మీటు పదునెక్కుతుంది, గోటి చప్పుడు ముందుకొస్తుంది. దూరమయ్యేకొద్దీ చెక్క పలుకుతుంది, నాదం గుండ్రంగా మారుతుంది, దాంతోపాటు ఫీడ్‌బ్యాక్ భయమూ పెరుగుతుంది. తాళపు తంతుల వైపు పెడితే చిటికెన వేలి దెబ్బలే కచేరీని ఆక్రమిస్తాయి. అలా అయితే రెండో వైపుకు జరపండి. పలకలో ఒక్కో చోట ఒక స్వరం మాత్రం బుస్సున ఉబ్బుతుంది, ఆ చోటు వదిలేయండి. మెట్ల మీద ఎడమచేతి వేళ్లు జారే కీచుమన్న రాపిడి ఎక్కడ పెట్టినా కొంత వస్తుంది. అది లేని చోటు వెతికితే వీణే లేని చోటు దొరుకుతుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి తొలిచే ఏకాండి వీణకూ, కుండ, దండి వేరుగా చేసి అతికిన వీణకూ మోత ఒకటి కాదు. అందుకని స్నేహితురాలి వీణకు కుదిరిన చోటు మీ వీణకు కుదరకపోవచ్చు. మీకు నచ్చిన చోటు దొరికాక, కుండ అంచు నుంచీ గుర్రం నుంచీ దూరం కొలిచి సంగీతం నోట్‌బుక్కులోనే రాసుకోండి. లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కచేరీ రోజు తెర వెనక చీకట్లో అదే అక్కరకొస్తుంది.

ఎలక్ట్రిక్ గిటార్లలో ఉండే అయస్కాంత పికప్ గురించి అడిగేవాళ్లున్నారు. అది తీగలో ఇనుము ఉంటేనే పలుకుతుంది. సారణి, పంచమం ఉక్కువి కాబట్టి పలుకుతాయి. మంద్ర, అనుమంద్రాలకు ఇత్తడి తీగ వేస్తే అవి దానికి దాదాపు వినిపించవు. పైగా అది చెక్కను అసలు వినదు. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ చేసింది వేరే దారి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌నే తన వాద్యంగా ఎంచుకున్నారు, జంట తీగలు వదిలి ఒంటి తీగలు వేసుకున్నారు. గమకానికి కావలసిన నాదం సాగడం అక్కడ కరెంటు ఇచ్చిన వరం. యాంప్ ఆ వాద్యంలో ఒక భాగం. వీణ మనిషికి ఆ దారి కుదరదని నా అభిప్రాయం. వీణలో సగం సంగీతం పనస చెక్కదే.

మృదంగానికి, ఘటానికి పికప్ ఆలోచన వద్దు, మంచి మైకు చాలు. వయొలిన్ వాళ్లు సొంత గదిలో క్లిప్ మైకు, బ్రిడ్జి పికప్ రెండూ విని తేల్చుకోవాలి. పక్కన మృదంగం ఉరుముతుంటే పికప్పే గెలుస్తుంది.

ఇప్పుడు చేతి సంగతి. ఇదే అందరూ వదిలేసే పాఠం.

మైకు లేని రోజుల్లో నేర్చిన మీటుకూ, పికప్ ముందు మీటుకూ తేడా ఉండాలి. వెనక వరుసకు వినిపించాలని గట్టిగా లాగి మీటే అలవాటు పికప్‌కు పనికిరాదు. తీగ లోహపు మోత మోగుతుంది, ఆ వెంటనే నాదం కూలిపోతుంది. తేలికగా మీటి, నాదాన్ని ఎడమచేత్తో సాగదీసే పద్ధతికి పికప్ గొప్ప స్నేహితుడు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు వీణను గొంతులా పాడించిన తీరు గుర్తు చేసుకోండి. గురువు జెమినీ స్టూడియోలోనూ ఆకాశవాణిలోనూ, శిష్యుడు మద్రాసు సినిమా రికార్డింగుల్లోనూ మైకు ముందు చాలాకాలం గడిపినవాళ్లు. ఒక మీటులో నాలుగైదు స్వరాలు పలికించే ఆ వాదనలో చివరి స్వరం దాకా శ్రోత చెవికి అందాలంటే మైకు సాయం ఉండాల్సిందే. కాబట్టి వారంలో ఒకటి రెండు రోజులైనా సాధన యాంప్‌తోనే చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినండి. అదే రోజు వింటే చెవి ఇంకా చేతి పక్షమే మాట్లాడుతుంది.

కచేరీ రోజు సౌండ్ చెక్‌కు కూర్చున్నారనుకోండి. చాలామంది శ్రుతి చేసుకుంటూ నాలుగు తీగలు మీటి "సరిపోయిందండీ" అంటారు. మిక్సర్ దగ్గరి కుర్రాడు ఆ మెత్తటి శబ్దానికి గెయిన్ పెట్టుకుంటాడు. గంట తర్వాత తానం అందుకోగానే ఎర్రలైటు వెలుగుతుంది, శబ్దం చీలిపోతుంది. మొదట తానం వాయించి చూపించండి, తాళపు తంతులతో సహా, ఎంత జోరుగా వాయిస్తారో అంత జోరుగా. గెయిన్ దానికి కుదిరాక, విలంబంలో ఒక గమకం వాయించి చివరి నాదం హాల్లో వినిపిస్తోందో లేదో చూడమనండి. ప్రీయాంప్ 9 వోల్టుల బ్యాటరీది అయితే దాని వాల్యూమ్‌ను కూడా తానానికే సరిచూసుకోండి.

మైక్‌సెట్ అతనితో మాటలు ఎలా నడవాలో కూడా కొంచెం చూద్దాం. వయసులో మీకన్నా పెద్దవాడైతే అన్నా అనో, గారూ అనో పలకరించండి. ఆర్డర్ వేయకండి, అలాగని అంతా అతనికే వదిలేయకండి.

"అన్నా, నా దగ్గర ప్రీయాంప్ ఉంది. దీని ఎక్స్‌ఎల్ఆర్ ఔట్ నుంచి నేరుగా మీ మైక్ ఛానల్‌కి ఇచ్చేయండి. ఆ ఛానల్‌లో ఫాంటమ్ పవర్ ఆపేసి ఉంచండి, దీనికి అక్కర్లేదు."

"అట్లాగేనమ్మా. ఎకో ఎంత పెట్టమంటారు?"

"ఎకో అసలొద్దన్నా. రివర్బ్ ఉంటే కొంచెం, అది కూడా గుడి మండపంలో కాబట్టి వద్దేమో. మీరు అటు చివరికెళ్లి ఒక్కసారి వినండి."

ఈ చివరి మాట చాలా పని చేస్తుంది. రాతి మండపం తన సొంత మోత తానే కలుపుతుంది, పైన ఎకో పడితే గమకాలన్నీ ముద్దవుతాయి. షామియానా కింద ఆ బాధ లేదు, అక్కడ కొంచెం రివర్బ్ అందమే. ఏదైనా అతను లేచి వెళ్లి వినాలి. మీరు వీణ మీదికి వంగి కూర్చుంటారు కాబట్టి మీ చెవికి అందేది హాలు శబ్దం కాదు. అతను వెళ్లలేకపోతే తమ్ముణ్నో, శిష్యురాలినో ఆఖరి వరుసలో కూర్చోబెట్టండి. వాళ్లు సైగ చేస్తే నమ్మండి.

ఈక్వలైజర్ మీద ఒక్క హెచ్చరిక. మిక్సర్ ఛానల్ మీద లో-కట్ అనే మీట ఉంటుంది, 75 నుంచి 100 హెర్ట్జ్ కిందిదంతా కోసేస్తుంది. మీ శ్రుతి మూడు అయితే అనుమంద్రపు తీగ పంచమం 62 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఊళ్లలో వాడే కాలమ్ స్పీకర్లు ఆ లోతుకు ఎలాగూ దిగవు, పై స్వరాంశాలతోనే చెవి ఆ పంచమాన్ని పోల్చుకుంటుంది. కాబట్టి అక్కడ లో-కట్ నొక్కినా నష్టం లేదు. నేల అదుర్లు తగ్గుతాయి కూడా. సబ్‌వూఫర్లున్న పెద్ద ఆడిటోరియంలో మాత్రం తీసేసి ఒకసారి, నొక్కి ఒకసారి వినిపించమని అడగండి. పీజోకు సహజంగా ఉండే కరకు రెండు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల కూర్చుంటుంది. అక్కడ కొద్దిగా తగ్గిస్తే మెత్తబడుతుంది. అంతకు మించి మీటలు తిప్పాల్సి వస్తోందంటే పికప్ చోటు తప్పుందని అర్థం.

ఫీడ్‌బ్యాక్‌కు అందరూ భయపడతారు గానీ దాని నడక సులువు. స్పీకరు శబ్దం కుండను కదిలిస్తుంది, కుండ పికప్‌ను, పికప్ స్పీకరును. ఈ చుట్టులో ఏ ఒక్క స్వరమైనా తగ్గకుండా తిరిగి వచ్చిందంటే కూత మొదలు. వేదిక మీద మానిటర్‌ను సాధారణంగా మీ ఎదురుగా నేల మీద పెడతారు, అది నేరుగా కుండ మీదికి ఊదుతుంది. కుండ మీ కుడివైపు ఉంటుంది కదా, మానిటర్‌ను ఎడమవైపుకు జరిపి మీ చెవి వైపు తిప్పమనండి. ఆ ఒక్క మార్పుతోనే కూత చాలావరకు పోతుంది. ఇంకా ఉంటే ప్రీయాంప్ మీద ఫేజ్ అని రాసిన మీట నొక్కి చూడండి, తర్వాతే కూసే స్వరాన్ని మాత్రం కోసే నాచ్ ఫిల్టర్.

తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు మిగిలే అవకాశం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వ్యాఖ్యాత మైకు, సన్మాన సభ మైకు, ఎవరూ లేని తంబూరా మైకు, మూడూ కచేరీ పొడవునా తెరిచే ఉంటాయి. వాటిని మూయించండి. ఇంకొకటి. మృదంగం వాళ్లు తమ మానిటర్ పెంచమంటారు, వయొలిన్ వాళ్లు ఇంకాస్త అంటారు, అప్పుడు మీకు మీరు వినిపించక మీరూ పెంచమంటారు. ఈ పోటీలో ఎవరో ఒకరు ముందు తగ్గించమని అడగాలి. మీరే అడగండి.

చెక్క వేదికలైతే మరో గొడవ. కుండ నేల మీద ఆనుతుంది. పక్కన ఎవరు తొడ చరిచి తాళం వేసినా, వెనక ఎవరు నడిచినా ఆ అదురు ప్లైవుడ్‌లోంచి కుండలోకి, అక్కడినుంచి పికప్‌లోకి ఎక్కుతుంది. జంపఖానా నాలుగు మడతలు పెట్టి కుండ కింద వేసుకోండి.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు. బుర్రుమని ఆగకుండా 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ఎవరో ఒకరు మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేస్తామంటారు. ఒప్పుకోకండి. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఒక చెయ్యి ఉక్కు తీగల మీద, పెదవి ప్రసంగం మైకు దగ్గర ఉన్నప్పుడు రెండింటి ఎర్త్‌లలో తేడా ఉంటే షాక్ కొట్టేది మిమ్మల్నే. హమ్‌కు మందు డీఐ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట. అది ఆడియో తీగ ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది, మెయిన్స్ ఎర్త్‌ను తాకదు. సీరియల్ లైట్లకు దూరంగా మీ ప్రీయాంప్‌ను జరిపి చూడండి. జనరేటర్ మీద నడిచే పందిళ్లలో బ్యాటరీ ప్రీయాంపే భద్రం. జేబులో ఎలక్ట్రీషియన్ టెస్టర్ ఒకటి పెట్టుకోండి, మైకు గొట్టాన్ని ముట్టుకునే ముందు దాంతో చూడండి. ఇది చాదస్తం అనుకునేవాళ్లను అనుకోనివ్వండి.

మంగళం అయ్యాక, సన్మానం శాలువాల సందడిలో ప్లగ్ లాగేయకండి. ముందు మ్యూట్ చేయమని చేయెత్తి సైగ చేయండి, లేకపోతే స్పీకర్లు ఢామ్మంటాయి. చాలా బ్యాటరీ ప్రీయాంపులు జాక్ గుచ్చి ఉన్నంతసేపూ ఆన్‌లోనే ఉంటాయి, కాబట్టి ఇన్‌పుట్ జాక్‌ను ఇంటికి వెళ్లాక కాదు, అక్కడే తీసేయండి. పికప్‌ను గోటితో పెకలించకుండా మెల్లగా తిప్పుతూ లేపండి. జిగురు ముద్దను రాత్రంతా కుండ మీద వదిలేస్తే పాలిష్ మీద మచ్చ పడుతుంది. మిగిలిన జిగురును అదే ముద్దతో అద్ది అద్ది తీయండి, నీళ్లు తగలనివ్వొద్దు. కొత్త 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, పొట్టి జాక్ తీగ ఒకటి అదనంగా వీణ పెట్టెలోనే ఉండాలి. మీరు మర్చిపోయినా పెట్టె మర్చిపోదు.